పైగుమ్మానికి చెప్పిన ఆమెన్

మా మావయ్య పెట్టెను భుజాన మోసినవాళ్ళారా, ఆయన మాటను మోయవలసి వచ్చినప్పుడు మీ భుజాలు ఏమైపోయినాయి?

పోయిన వారం ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినారు. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలినారు. అంతే. నేను మా ఊరి ఇందా బజారులో చేపల దగ్గర బేరమాడుతున్నాను. ఫోన్లో మా అత్త "ఒరే, మీ మావయ్య పలకట్లేదురా" అంది. సంచీ అక్కడే వదిలేసి టోటో రిక్షా ఎక్కినాను. సమాధుల తోటలో మీరంతా ఏడ్చినారు. నీతిమంతుడన్నారు, నమ్మకమైన సాక్షి అన్నారు. ప్రసంగమంటే అందరికంటే ముందు లేచే నేను ఆ రోజు లేవలేదు. నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకు తెలుసు. మట్టి పడనిద్దామని ఊరుకున్నాను. మట్టి పడింది. ఇప్పుడు కాగితం మీద చెబుతాను, వినండి.

ఆయనను ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన రైలు కార్ఖానాలో చక్రాల దగ్గర బతుకంతా గడిపిన మనిషి. సుత్తితో చక్రం మీద ఒక దెబ్బ వేసి, మోత విని, పగులుందో లేదో చూసే పని. పని మానినా ఆ అలవాటు చేతిని వదల్లేదు. గుమ్మడికాయ కొన్నా వేలి కణుపుతో కొట్టి చూసేవారు. చర్చికి కొత్త బెంచీ వస్తే దాన్నీ కొట్టేవారు. నా కూతురి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు బుర్ర మీద కొట్టి, "మోగుతాందిలే, పిల్లనిచ్చీయొచ్చు" అన్నారు. పెళ్ళివారు ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వలేక చచ్చినారు. "మంచిది మోగుతాది, పగిలింది మూలుగుతాది." ఇది ఆయన మాట. ఇనుముకీ అదే, మనిషికీ అదే అనేవారు.

నాకు బడి చదువు లేదు. ఖలాసీగా చేరిన కొత్తలో, భోజనం వేళ ఆయన తన కారియర్ పక్కన బైబిలు తెరిచిపెట్టి, నా వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించినారు. ఈ రోజు నేను నిలబడి వాక్యం చెబుతున్నానంటే పులుసు మరకలున్న ఆ పేజీల పుణ్యమే.

రిటైరైన తర్వాత ఒక కొండపట్నం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ లోయలో మెట్రో, కొండవాలు మీద మోనోరైలు కడుతున్నారు, అనుభవం ఉన్నవాళ్ళు కావాలన్నారు. మన సంఘంలోని మగవాళ్ళు కొందరు ఆయన వెంట వెళ్ళినారు. మీరే. వెళ్ళిన కొత్తలో ఫోన్లో ఎంత సంబరం ఆయనకి!

"కింద మెట్రో మనకి తెలిసిందేరా, ఇనుము మీద ఇనుము. కొండెక్కే బండికి పట్టాలే లేవు. ఒకటే సిమెంటు దూలం, దాని మీద రబ్బరు చక్రాలు."

"రబ్బరు చక్రమా? కొడితే ఏటి మోగుతాది మావయ్యా?"

"అదేరా నా బెంగ!"

ఆ దూలం పోయే దారిలో కొండవాలు మీద ఒక బస్తీ ఉంది. రోడ్డు కింద లోయలో, ఇళ్ళు పైన. మధ్యలో మెట్లే మెట్లు. గ్యాసు సిలిండరు భుజం మీదే ఎక్కాలి, రోగిని కుర్చీలో కట్టి దింపాలి. అక్కడ టీ కొట్టు నడిపే ఒకామె ఉంది, అందరూ దీదీ అంటారు. ఆమె అత్తగారికి కాళ్ళు పడిపోయినాయి. మెట్లు దిగలేక ఆ ముసలమ్మ ఇంటి గడప దాటలేదు. ప్రాజెక్టువాళ్ళు దీదీ కొట్టున్న చోటే స్తంభం వెయ్యాలన్నారు. పక్కనున్న ఇళ్ళు కూడా జరగాలన్నారు. బస్తీవాళ్ళు కదిలేది లేదన్నారు.

అప్పుడు పని పెద్ద, సాహెబ్ అనుకుందాం, ఒక ఆశ చూపించినాడు. స్టేషన్ కొండని ఆనుకుని వస్తుంది. కింది గుమ్మం రోడ్డు మీదికి, పైగుమ్మం బస్తీ సందులోకి. మధ్యలో లిఫ్టు. బండి ఎక్కినా ఎక్కకపోయినా బస్తీవాళ్ళు ఆ లిఫ్టులో దిగొచ్చు, ఎక్కొచ్చు. పల్లాలు ఎత్తవుతాయి, కొండలు అణుగుతాయి అన్న ప్రవక్త మాట ఇదేరా, నా కళ్ళతో సూస్తన్నాను అని మావయ్య నాకు ఫోన్ చేసి మరీ చెప్పినారు.

ఆ ఆదివారం మీ క్వార్టర్లలో ప్రార్థన కూడిక పెట్టినారు. మావయ్య పిలిస్తే సాహెబ్, బస్తీ ఆడవాళ్ళు కూడా వచ్చినారు. సాక్ష్యాల వేళ సాహెబ్ లేచి, "మీ దేవుడి ముందు చెబుతున్నాను, పైగుమ్మం తెరుస్తాం" అన్నాడు. మీరంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. దీదీ మాత్రం మావయ్య పక్కకి జరిగి, వాళ్ళ భాషలో అన్నా అని పిలిచి మెల్లగా అడిగిందట, "దాదా, కాగితం మీద రాయించుకోవద్దా?"

మావయ్య నవ్వినారట. "సాక్ష్యంలో సెప్పినాక, ఆమెన్ పడ్డాక, ఇంక కాగితమేటి దీదీ!"

ఈ తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. జ్వరం తగ్గితే సాక్ష్యం, పిల్లకి సంబంధం కుదిరితే సాక్ష్యం, పోయిన గొడుగు దొరికితే సాక్ష్యం. అందులో ఎవడూ అబద్ధమాడడు అని మన నమ్మకం. ఆయన ఆ నమ్మకాన్ని తీసుకెళ్ళి దీదీ చేతిలో పెట్టినారు. ఆయన మాట మీద దీదీ కొట్టు పీకేసింది, పక్కిళ్ళు జరిగినాయి, స్తంభం లేచింది.

బండి నడిచింది. పైగుమ్మానికి ఇటుకలు పేర్చి గోడ కట్టేసినారు. అటునుంచి టికెట్ లేనివాళ్ళు జొరబడతారట.

బస్తీ ఆడవాళ్ళు మీటింగులో నిలదీస్తే సాహెబ్ "నేనెప్పుడన్నాను? ఆ రోజు టీ తాగడానికి వచ్చానంతే" అన్నాడు. మావయ్య లేచి నిలబడి మీ వైపు తిరిగినారు. "సెప్పండిరా. మీరు ఇన్నారు కదా. ఆమెన్ అన్నారు కదా."

ఒకడు బూట్లు చూసుకున్నాడు. ఒకడు ఫోన్ తీసినాడు. ఒకడు, మావయ్య సొంత మేనల్లుడి వరస, "నాకు సరిగ్గా గుర్తులేదు మావయ్యా" అన్నాడు. పని పోతుందని భయం. మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆ మనిషిని నేనెరగను అని గురువునే కాదన్న శిష్యుడికి కూడా అదే భయం.

ఆ తర్వాత అక్కణ్ణుంచి ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి నేనే వెళ్ళినాను. చివరిసారి దీదీకి చెప్పి వస్తానంటే మెట్లెక్కి ఇద్దరం పైకి వెళ్ళినాం. రొప్పుతూ కూర్చుంటే దీదీ మంచినీళ్ళిచ్చింది. మావయ్యను ఒక్క మాట అనలేదు. నా చేతిలో బైబిలు చూసి నన్నడిగింది: "భాయ్, మీ దగ్గర అబద్ధానికి కూడా ఆమెన్ అంటారా?"

ఇన్నేళ్ళుగా వాక్యం చెబుతున్నాను. ఆ రోజు చేతిలోని బైబిలు తీసి సంచీలో పెట్టేసినాను.

లోపలి మంచం మీదనుంచి ముసలమ్మ బయటికి చూస్తోంది. కిటికీ ఎత్తుకి సరిగ్గా మోనోరైలు వచ్చింది. లోపల మనుషుల ముఖాలు కనబడేంత దగ్గరగా, చప్పుడు లేకుండా సాగిపోయింది. మావయ్య లేచి, ఆ ఇటుక గోడ దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో కొట్టినారు. చెవి పెట్టి విన్నారు.

"మూలుగుతాందా మావయ్యా?" అన్నాను.

"గోడకేటిరా, గట్టిదే. పగిలింది మనోళ్ళు."

తిరిగొచ్చిన తర్వాత ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళకి ఆయన లేచి, బయట సైకిళ్ళ దగ్గర నిలబడేవారు. పని ముగిసి తిరిగొచ్చిన మీరే, ముసలాయన విశ్వాసంలో చల్లబడిపోయినాడని గుసగుసలాడినారు. మీకు నోరెలా వచ్చింది? నేనడిగితే ఒకటే అన్నారు: "ఆమెన్ అందామంటే గొంతుకి అడ్డం పడతాందిరా. ముందు దీదీ బాకీ తీరాల." ఆ బాకీ తీరకుండానే పోయినారు. ఆయనకి నేను రుణపడిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

మొన్న దీదీకి ఫోన్ చేసి కబురు చెప్పినాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది: సాహెబ్ పైవాళ్ళు ఈ వారంలోనే పైగుమ్మం సంగతి మళ్ళీ వింటామన్నారట. ఆ రోజు చెవులారా విన్నవాళ్ళు వచ్చి చెప్పాలట. "దాదా వస్తాడనుకున్నాను. ఇప్పుడెవరొస్తారు?"

నేను వెళ్ళి చెబితే చెల్లదు. ఆ కూడికలో నేను లేను, ఫోన్లో విన్నవాణ్ణి. మీరున్నారు. అన్యాయంగా కట్టిన ఇంటి గోడలో రాయి మొరపెడుతుంది, దూలం దానికి జవాబిస్తుంది అని ప్రవక్త ఏనాడో హెచ్చరించినాడు. ఆ గోడా అక్కడే ఉంది, ఆ దూలమూ అక్కడే ఉంది. వాటిచేత చెప్పించుకుంటారా?

గురువును కాదన్న ఆ శిష్యుడు కోడి కూసినాక ఏడ్చినాడు. ఏడ్చి ఇంట్లో కూర్చోలేదు, తర్వాత నడిబజారులో నిలబడి నోరు తెరిచినాడు. మీరు సమాధి దగ్గర ఏడ్చినారు. సగమే అయింది.

ఈ ఆదివారం దాకా ఆగొద్దు, రేపటి దాకా కూడా ఆగొద్దు. ఈ సాయంత్రమే బండి ఉంది. మీకు తోడుగా నేనొస్తాను, ప్లాట్‌ఫామ్ మీద మీ కోసం నిలబడి ఉంటాను. అక్కడ ఆ ముసలమ్మ ఇప్పుడు కూడా కిటికీలోంచి ఎదుటే పోతున్న బండిని చూస్తూ ఉంటుంది. మీరన్న ఆమెన్ మీ నోళ్ళలోనే ఉంది. లేవండి, చెప్పులు తొడుక్కోండి, ఈ రోజే బయల్దేరండి.