పేరు చెబితే మస్టరు

మొన్న ఆదివారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో, మీటింగుకు రాని ద్రోహులెవరో చెప్పండి అని పెట్టారు. నేను చాయ్ గ్లాసులో పోసుకునేలోగా పేర్లు వరుసగా దిగాయి. నల్లా నీళ్ళు రావడం లేదని మొత్తుకుంటే మూడు రోజులకు కూడా పలకని గ్రూపు అది. ఆ పేర్లలో ఒకాయన మా పక్క క్వార్టరే. మీటింగు రోజున దవాఖానలో భార్య మంచం పక్కన ఉన్నాడని నాకు తెలుసు. తెలిసీ ఫోను బోర్లా పెట్టి చాయ్ తాగాను. నలభై దాటీ దాటకముందే జ్ఞాపకాలేమిటని నవ్వకండి, గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగినవాడికి ఏళ్ళు రెండింతలుగా పడతాయి.

నాయిన మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన కొలువు నాకొచ్చింది, బదిలీ వర్కరుగా. మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను: రోజూ గేటు దగ్గరికి పోవాలి, పని ఉంటే బాయి దిగాలి, దిగిన రోజుకు ఒక హాజరు, దాన్నే మేము మస్టరు అంటాం, చాలినన్ని మస్టర్లు పడితే పర్మినెంటు. అందుకే మా ఇళ్ళలో తిన్నవా అనేకంటే ముందు మస్టరు పడ్డదా అని అడుగుతారు. అక్క భర్త, మా బావ, అదే బాయిలో టింబర్‌మెన్. పైకప్పు మనుషుల మీద పడకుండా దుంగలు నిలబెట్టే పని. షిఫ్టు దిగాక నాటకాలు రాసేవాడు. రెండూ ఒకటే పనిరా అనేవాడు. దుంగకైతే జీతమిస్తరు బావా అనేవాణ్ణి నేను.

ఆ ఏడు మా బాయిలో సమ్మె జరిగింది, ఓడిపోయింది. ఆ తర్వాత ఒక గదిలో కుర్చీ వేసి ఒక్కొక్కరినీ పిలిచి, సమ్మె వెనక ఉన్న బయటి మనుషులెవరని అడగడం మొదలైంది. ఇద్దరి పేర్లు చెప్పినవాడికి మర్నాటి నుంచి మస్టరు, చెప్పనివాడు గేటు బయట. బయటి మనుషులంటూ ఎవరూ లేరు కనుక, చెప్పడానికి లోపలివాళ్ళే దొరికారు. వాళ్ళు మరో ఇద్దర్ని చెప్పారు, ఆ ఇద్దరు మరో నలుగుర్ని. నాలుగు వారాలు తిరిగేసరికి చాయ్ హోటల్లో బల్లకొకడు కూర్చునేవాడు, పిల్లల పెళ్ళిళ్ళు మాట్లాడుకున్నవాళ్ళు కూడా.

అప్పుడు బావ ఒక నాటకం రాశాడు. ఒక ఊళ్ళో పశువులు చస్తుంటాయి, బాణామతి చేశారని పుకారు లేస్తుంది, భూతవైద్యుడు వస్తాడు. అతని ముందు నిలబడ్డవాడు ఇంకో ఇద్దర్ని చూపిస్తే బతికిపోతాడు. ఒక్క ముసలమ్మ మాత్రం ఎవరినీ చూపించదు. గనుల రక్షణ వారోత్సవాల్లో ఆడతామంటే ఆఫీసరు సారు చదివి, మూఢనమ్మకాల మీద మంచి సందేశమని మెచ్చుకుని, బాయి దిగేటప్పుడు తలకు టోపీ పెట్టుకోవాలని కూడా ఎక్కడో ఒక మాట వేయమన్నారు. భూతవైద్యుడి నోట వేశాం. ముసలమ్మ వేషం అప్పట్లో మా పక్కింటి చాచాది. ఆయన మీసం తీసి ఇంటికి పోతే, "యా అల్లా, యే బుడ్డీ కౌన్ హై?" అని, ఎవరో ముసలిదనుకుని చాచీ తలుపు మూసేసింది. నాది ఊళ్ళో డప్పు చాటింపు వేసే హాస్యగాడి వేషం. బావ నాకు ఒక్కటే చెప్పాడు:

"నేను రాసిందే అనాలె, సొంతం కలుపకు. ఊరి కథ ఊర్లనే ఉండాలెరా, అప్పుడే మన కొలువులు ఉంటయి."

ఆ సాయంత్రం హాలు నిండింది గానీ అంత నిశ్శబ్దం నేను బాయి అడుగున కూడా వినలేదు. ఎవరూ పక్కవాడి మొహం చూడడం లేదు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరుసలో సారు తల ఊపుతూ మూఢనమ్మకాలను ఖండిస్తున్నారు. నేను చావింట్లో కూడా జోకు వేయకుండా ఉండలేని మనిషిని, ఆ బరువు తట్టుకోలేకపోయాను. డప్పు మీద ఒక దెబ్బ వేసి అరిచాను:

"పేరు చెప్పుండ్రి, మస్టరు పడ్తది!"

హాలు పగిలింది. ఈలలు, చప్పట్లు, ఏడుస్తూ నవ్వినవాళ్ళు, ఎన్ని రోజులకో పక్కవాడి భుజం పట్టుకుని నవ్వినవాళ్ళు. నా బతుకులో అంత పెద్ద నవ్వు మళ్ళీ రాబట్టలేదు. సారు మాత్రం నవ్వుతున్నవాళ్ళ వైపు మెల్లగా వెనక్కి తిరిగి చూశారు. పక్క తెర చాటున బావ కళ్ళు మూసుకున్నాడు.

మూడో రోజు నన్ను పిలిచారు. సారు కసురుకోలేదు, చాయ్ కూడా తెప్పించారు. ఆ మాట ఎవరు రాశారని అడిగారు. నా పర్మినెంటు దగ్గర్లో ఉంది; ఇంట్లో నాయిన దగ్గు, అవ్వ ఎదురుచూపు ఉన్నాయి. ప్రతిదానికీ నా దగ్గర ఒక జోకు ఉండేది, ఆ కుర్చీలో ఒక్కటీ రాలేదు.

"మా బావ రాసిండు సార్. నేను వేషం కట్టిన గంతే."

మర్నాడు నాకు మస్టరు పడింది. ఆ సాయంత్రం బాయి నుంచి నేరుగా అక్క ఇంటికి పోయాను. బావ గడప మీద కూర్చుని నాటకం నోటుబుక్కులో ఏదో రాస్తున్నాడు. వంగి చూస్తే నా మాట. చాటింపు పక్కన సందులో ఇరికించి, పాత అక్షరాల్లా కనబడాలని నెమ్మదిగా రాస్తున్నాడు.

"బావా, అది నాది గదా," అన్నాను.

"తెల్సు. రేపు బుక్కు దెమ్మన్నరు. అందుల ఆ మాట లేకపోతే నువ్వు అబద్ధం చెప్పినవని తెలుస్తది, నీ నౌకరి గూడ పోతది. ఇద్దరం ఇంట్ల కూసుంటే ఎట్ల?"

పొయ్యి దగ్గరున్న అక్క నా వైపు తిరగలేదు. రొట్టె తిప్పుతూ, "మస్టరు పడ్డదారా?" అని మాత్రం అడిగింది. పడ్డదక్కా అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన మాట నేను ఇంతవరకు ఏ వేదిక మీదా చెప్పలేదు.

బావ కొలువు పోయింది. క్వార్టరు ఖాళీ చేసి, అక్కనూ పిల్లల్నీ తీసుకుపోయి మంథని అవతల ఊళ్ళో కౌలుకు పత్తి వేస్తున్నాడు. మళ్ళీ నాటకం రాయలేదు. నేను పోయినప్పుడల్లా, పర్మినెంటు అయి ఇన్నేళ్ళయినా, "మస్టర్లు పడ్తున్నయారా?" అని నవ్వుతాడు. ఎంత వెతికినా ఆ నవ్వులో ఎత్తిపొడుపు దొరకదు. దొరికితే బాగుండును.

ఆ హాలు ఇప్పుడు తాళం వేసి ఉంది. ఆ రోజుల్లో మా చేత ఒక పేరు చెప్పించాలంటే గేటు మూయాల్సి వచ్చేది, కడుపు మాడ్చాల్సి వచ్చేది. చెప్పినవాడు నెల రోజులు తల దించుకుని నడిచేవాడు. మొన్నటి పేర్లకు ఏ గేటూ మూయలేదు, కింద చప్పట్ల బొమ్మలు కూడా పెట్టారు. చివరికి ఉండబట్టలేక, పక్కింటాయన దవాఖానలో ఉన్నాడని రాయాల్సిన చోట, నా అలవాటు పోనిచ్చుకోక ఆ పాత మాటే టైపు చేశాను: పేరు చెప్పుండ్రి, మస్టరు పడ్తది. ఎవరైనా నవ్వుతారేమో, ఒక్కరికైనా అర్థమవుతుందేమో అని ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి మా బాయిలోనే చేసే కొత్త పిల్లగాడు జవాబిచ్చాడు: "చెప్పు అన్నా, ఎవల పేరు?"