మా అన్న దిగితేనే గెలుపు

మొన్న సాయంత్రం మా మనవడు టీవీలో ఏదో ఇంగ్లీషు కార్యక్రమం చూస్తున్నాడు. లైటు, ఫ్యాను, టీవీ, మూడూ ఒక్కడి కోసమే. లైటు ఆర్పేసి నేనూ పక్కన కూర్చున్నాను. ఎలాగూ కరెంటు కాలుతోంది, ఇద్దరం చూస్తే కొంతన్నా గిట్టుబాటవుతుంది. తెర మీద కోట్లు వేసుకున్న నలుగురు బల్ల చుట్టూ కూర్చొని ఒకరి మాట ఒకరు విననట్టు అరుస్తున్నారు. అమెరికాలో బంతాట జట్ల గురించట. ఆ బంతి కూడా బంతిలా లేదు, బుడమకాయ మాదిరి రెండు పక్కలా కొనదేలి ఉంది. ఆటగాళ్ళు భుజాల మీద దిండ్లు కట్టుకొని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఈ ఏటి ఆటలు ఇంకా మొదలే కాలేదట. ఏ జట్టు గెలుస్తుందో ముందుగానే చెబుతున్నారట. "ఆడకముందే వీళ్ళకెట్ల తెలుసురా?" అన్నాను. "అంచనా అవ్వా. అది సెప్పేదానికే వాళ్ళకు జీతాలిస్తారు" అన్నాడు. నోటికి కూడా జీతమిచ్చే దేశం ఉందని ఈ వయసులో తెలిసింది. అంతలో మోకాలికి పట్టీ వేసుకున్న ఒక కుర్రవాణ్ణి చూపించారు. పోయిన ఏడు కాలు చెడిందట. "వాడు దిగితే కప్పు వీళ్ళదే. దిగకుంటే లేదు" అని మనవడు వివరించాడు. "ఆ పిల్లోనికి అమ్మ ఉందా?" అని అడిగాను. వాడు పగలబడి నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వాడి నవ్వును తప్పు పట్టను. వాడికి చెడుగుడు తెలియదు, మా ఎమ్మిగనూరు వీధి తెలియదు, మా అమ్మ అసలే తెలియదు. నేను చెప్పేది రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. మాది నేతపని ఇల్లు. నేను రెండో తరగతి దాటగానే, చదివింది చాల్లే అని నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. నాయనకు చూపు మందగించి పోగు కనబడేది కాదు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకొని కూర్చొనేది మా పెద్దన్న ఒక్కడే, తమ్ముళ్ళు ఇంకా చిన్నవాళ్ళు. అన్న నేస్తే పొయ్యి మండేది, నేయకపోతే లేదు. నూలు సర్కారు కంట్రోలులోకి పోయి, దొరకడమే కష్టంగా ఉండేది. మాకు ఆదోని షావుకారు ఒకాయన నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తీసుకుపోయేవాడు. పత్తి వ్యాపారం ఆయనది. లావుపాటి మనిషి, తెల్లటి జుబ్బా, నోటినిండా తమలపాకు. బొగ్గుతో నడిచే బస్సు దిగి, దుమ్ము దులుపుకుంటూ మా వీధిలోకి వచ్చేవాడు. నూలు పని ముగిసినా లేచేవాడు కాదు. శివరాత్రి దగ్గర పడుతోందంటే ఆయనకు ఇంకో పని ఉండేది.

శివరాత్రి దాటితే చెడుగుడు పోటీలు మొదలయ్యేవి. ఆదోనిలో పత్తి బేళ్ళు మోసే కుర్రాళ్ళదొక జట్టు, మా నేతవీధిదొక జట్టు. చుట్టుపక్కల ఊళ్ళవి ఎన్ని ఉన్నా చివరికి ఈ రెండే మిగిలేవి. ఏ ఏడు ఎవరు గెలుస్తారో షావుకారు ముందే చెప్పేవాడు. దానికి ఆయన పద్ధతి ఆయనకుండేది. మా అరుగు మీద కూర్చొని కొత్త తమలపాకు నోట్లో పెట్టుకొని, ఒక్కొక్కణ్ణి పిలిచి ఒక్క ఊపిరితో కూత పెట్టమనేవాడు. ఆకు నమిలి ఉమ్మేదాకా కూత తెగకపోతే వాడు పనికొచ్చినట్టు. పత్తిని వేళ్ళ మధ్య సాగదీసి చూసినట్టు పిక్కలు నొక్కి చూసేవాడు. ఆయన మాట తప్పిన ఏడు కూడా ఉండే ఉంటుంది, మా వీధికి మాత్రం గుర్తుండేది కాదు.

ఆ ఏడు మా అన్న కూత ఆకు అయిపోయినా ఆగలేదు. షావుకారు ఉమ్మేసి, మూతి తుడుచుకొని, వీధి వీధంతా వినేలా చెప్పాడు. "ఆదోని పిల్లోళ్ళు బేళ్ళు మోసి మోసి ఎద్దుల మాదిరి అయినారప్పా. అయినా ఈ తూరి గెలుపు మీదే. ఒగటే మాట. మీ పెద్దోడు దిగాల. దిగకుంటే బండ్లు కట్టేది గూడా దండగ, ఇంట్లో పండుకోండి." వీధి ఈలలు వేసింది. ఎవరో మా అన్నను ఎత్తుకున్నారు. లోపల అమ్మ తిప్పుతున్న రాట్నం ఆగిపోయింది.

ఎందుకంటే, అంతకుముందు ఏడు ఆటలోనే అన్న మోకాలు మెలిపడింది. కట్టు కట్టే ఆయన గుడ్డుసొన, మినప్పిండి పూసి వెదురు దబ్బలు వేసి కట్టి, "ఇంగో తూరి ఇదే కాలు తిరిగితే మగ్గం గుంటలోకి దిగలేడు" అని చెప్పిపోయాడు. కాలు బాగైంది. బాగైందని అన్న అనుకున్నాడు, అమ్మ అనుకోలేదు. వంటింట్లో రొట్టె తడుతున్నా ఆమె చెవి మగ్గం మీదే ఉండేది. తొక్కుడు చప్పుడు ఒక్క క్షణం తడబడితే ఆమె చెయ్యి పిండిమీదే ఆగిపోయేది. మళ్ళీ చప్పుడు మొదలైతేనే పెనం మీద రొట్టెను తిరగేసేది. ఆ రోజుల్లో మా ఇంట్లో మాడిన రొట్టెలు ఎక్కువ. మాడినా పారేసేది లేదు, అందరం తిన్నాం.

షావుకారు బస్సుకు బయల్దేరుతుంటే అమ్మ వీధి మలుపు దాకా వెంటపోయింది. చెంగు పట్టుకొని నేనూ పోయాను. "అన్నా, ఆ మాట ఎనక్కి తీసుకో. ఆదోనోళ్ళే గెలుస్తారని సెప్పు, నీకు పున్నెముంటాది" అంది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎట్ల తల్లీ? పొద్దున బయల్దేరకముందే ఆదోనిలో గూడా సెప్పేసినానే. ఇప్పుడు కాదంటే రేపు పత్తి ధర సెప్పినా ఎవరూ నమ్మరు." నూలు ఇచ్చే మనిషితో అంతకంటే ఏమంటుంది?

ఇంటికొచ్చి అన్నను పట్టుకుంది. "ఆ కాలు నీదొక్కనిదే అనుకుంటాండావా? ఇంటిల్లిపాదీ ఆ కాలి మీదే నిలబడి ఉండామప్పా." అన్న నవ్వాడు. "కాలు బాగైందిమా. కావాలంటే సూడు" అని అరుగు మీది నుంచి వీధిలోకి దూకాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. "నేను దిగకుంటే వీధిలో తలెత్తుకొని తిరిగేదెట్ల? షావుకారు అందరి ముందర సెప్పె గదా!" అన్నాడు. నాయనను అడిగితే, "వాని ఇష్టం" అని కంబళి కప్పుకున్నాడు. మా నాయనకు ఏ చిక్కు వచ్చినా చలి పుట్టేది.

ఆ తర్వాత అమ్మ నోరెత్తలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది, ఎందుకంటే ఆమె ఊరుకునే మనిషి కాదు. మాచేత పొద్దస్తమానం నూలు పని చేయించింది. ఇంట్లో ఉన్న నూలంతా తీయించి, మగ్గానికి నిలువునా ఎక్కించే పోగులతో పెద్ద పడుగు తయారు చేసింది. ఇంత నూలు ఒక్కసారే ఎందుకు తీస్తోందో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఊరికే కూసుంటే కూడొస్తాదా?" అంది.

పోటీ ఆదోనిలో. తెల్లవారుతూనే బండ్లు కట్టాలి. ఆ తెల్లవారుజామున లేచి చూద్దును గదా, అమ్మ అప్పటికే గంజి కాచి దించింది. వెలుగు రాకముందే నాయనను లేపి, మమ్మల్ని లేపి, పడుగును మా వాకిటి నుంచి వీధి చివరి గుంజ దాకా సాచి కట్టించింది. గంజి పట్టించేసింది కూడా. అప్పుడు నాకు ఆమె ఎత్తు తెలిసింది. గంజి తడి మీదున్న పడుగును ఇంటి మగవాడు వదిలిపోకూడదు. ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి, లేకుంటే పోగు పోగు అంటుకొని నూలంతా నాశనమవుతుంది. అన్న తలకు గుడ్డ చుట్టుకొని బండి కోసం బయటికొచ్చి, పడుగును చూసి, అమ్మను చూసి, కుంచె అందుకున్నాడు.

అమ్మ ఒక్క సంగతి మరిచిపోయింది. అంత ఆరాటంలో ఎవరైనా మరిచిపోతారు. మా వీధిలో పడుగు సాచితే అది ఎవరి ఇంటిదైనా, కనబడిన మగవాడు చెయ్యి వేయాల్సిందే. దాటుకొని పోయినవాడి ఇంట మగ్గం సాగదని మా నమ్మకం. బండెక్కడానికి వచ్చిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే పడుగును చూడటం, ఇంటికి పరుగెత్తి కుంచె తెచ్చుకోవడం. కాసేపటికి జట్టు జట్టంతా మా పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి దువ్వుతోంది. ఆమె కావాలనుకున్నది ఒక్కణ్ణి ఆపడం. ఆగింది ఎమ్మిగనూరు చెడుగుడు మొత్తం.

"ఎండెక్కితే ఎద్దులు నడవవు, రాండప్పా!" అని బండి తోలే ఆయన అరిచాడు. "ఎండెక్కితేనే గదన్నా ఇది ఆరేది" అని కుర్రాళ్ళు నవ్వారు. అప్పటికి నవ్వులే. ఎండ మాత్రం ఎక్కలేదు. ఆదోని దిక్కు నుంచి మబ్బు లేచింది. "మబ్బు గూడా ఆదోని జట్టే రా" అన్నాడొకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మాసంలో ఎన్నడూ చూడని తుంపర మొదలైంది.

ఆ నూలు పోతే మళ్ళీ దొరకదు. పోటీ మాట అందరూ మరిచిపోయారు. గుంజల నుంచి విప్పి, పోగు తెగకుండా బిగువు సడలకుండా పడుగును ఎత్తి పట్టుకొని, వరసగా ఉన్న అరుగుల మీదికి, చూరు కిందికి ఎక్కించారు. ఆడవాళ్ళు కుంపట్లు తెచ్చి పెట్టారు. పిల్లలం చేటలతో విసిరాం. అన్న పడుగు కొస భుజాన వేసుకొని తడిసిన బండమీద కాలు పెట్టాడు. ఆ కాలే. బండ జారింది. అతని మోకాలు బండకు తగిలిన చప్పుడు నాకు వినబడింది. అమ్మ చేతిలో కుంపటి ఉంది. పక్కింటి ఆమె పట్టుకోకపోతే అది కిందపడేదే. భుజం మీద కొస మాత్రం అన్న వదల్లేదు. అలాగే మోకాలి మీద ఉండిపోయాడు. తర్వాత మెల్లగా లేచి, ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, "దువ్వండప్పా, సూస్తారేంది?" అన్నాడు. అమ్మ కుంపటి దించి పడుగు కిందికి జరిపింది.

మధ్యాహ్నానికి పడుగు బతికింది. బండ్లు కదల్లేదు. ఆదోనివాళ్ళు పొద్దు వాలేదాకా ఎదురుచూసి, ఖాళీ బరిలోకి ఒకణ్ణి కూతకు పంపి, గెలిచామని డప్పు కొట్టుకున్నారట.

తర్వాత షావుకారు వచ్చినప్పుడు వీధివాళ్ళు ఆయన మీద పడ్డారు. "ఏం షావుకారూ, మీ అంచనా ఏమాయె?" ఆయన తొణకలేదు. "నేనేమంటిని? పెద్దోడు దిగితే అంటిని. దిగినాడా? మరి నాదేం తప్పు?" అన్నాడు. మగ్గం మీదున్న పడుగును వేళ్ళతో తడిమి చూసి, అమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, పడుగు సాపేదానికి నీకు ఆ పొద్దే దొరికినాదా?"

"ఎండ బాగా కాస్తాదని అంచనా ఏసినా అన్నా" అంది అమ్మ.

షావుకారు నవ్వలేక దగ్గాడు. గుంటలో తొక్కుడు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ పడుగు మగ్గం దిగేదాకా అన్న అమ్మతో మాట్లాడలేదు. రొట్టె పెడితే తినేవాడు, అంతే. గుడ్డ కోసిన రోజు తలెత్తకుండా, "వచ్చే ఏడు ఎప్పుడు సాపుతావో ముందే సెప్పుమా, ఆదోనోళ్ళకు కబురు సేస్తా" అన్నాడు. అమ్మ ముఖం తిప్పుకొని పొయ్యి ఊదింది. పొయ్యి బాగానే మండుతోంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు అన్న ఆడాడు. పోటీ రోజుల్లో అమ్మ పడుగు సాచలేదు, వాకిట్లో కూర్చొని బండి చప్పుడు కోసం చూసేది. అన్న ప్రతిసారీ తన కాళ్ళ మీదే నడిచి వచ్చాడు, ఒకసారి గెలిచి, ఒకసారి ఓడి. ఒక ఏడు మగ్గం పని ఎక్కువై ఆటకు పోలేదు. మరుసటి ఏడు ఎవరూ పిలవలేదు. ఆపైన తమ్ముళ్ళ వంతు వచ్చింది. ఎవరు గెలుస్తారో ముందే చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, ఇదే వీడి ఆఖరి ఆట అని ఆ పొద్దే చెప్పగలిగిన మనిషిని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు.