మామయ్య పేర పడిన బావి

మా మేనత్తకు గురజాల దగ్గర ఎనిమిదెకరాల చేను ఉండేది. ఉండేది అంటే, ఉండీ లేనట్టు. దేశానికే ఇంకా స్వరాజ్యం రాలేదు, ఇక అత్తకెక్కడ? పిల్లలు లేకుండా భర్త పోయిన ఆడదానికి ఆస్తి మీద చట్టం ఇచ్చింది బతికినన్నాళ్ళ హక్కు. పంట తినవచ్చు, పొలం అమ్మకూడదు. ఆమె తరవాత అది ఆమె బావగారి కొడుకులిద్దరికీ పోతుంది. అందుకే అత్త ఆరోగ్యం మీద వాళ్ళకు అంత శ్రద్ధ. ఆమె దగ్గితే వీధి చివర నుంచే పలకరించేవాళ్ళు.

ఊళ్ళో మంచినీళ్ళ బావి వాళ్ళ దొడ్లోనే ఉంది. బిందె పట్టుకుని పోయిన ప్రతిసారీ వాళ్ళ ఆడవాళ్ళ దెప్పుళ్ళు వినాలి. పడలేక, అరెకరం అమ్మి తన చేలో బావి తవ్వించుకుంటానంది అత్త. పల్నాటి నేల సంగతి తెలిసిందే, మూరెడు మన్ను కింద అంతా రాయి, మందు పెట్టి పేల్చాలి. పంట డబ్బు తిండికీ శిస్తుకూ సరిపోయేది.

అప్పుడు నేను నరసరావుపేటలో ఒక ప్లీడరు గారి దగ్గర జూనియర్ని. అత్తను ఆయన ముందు కూర్చోబెట్టాను.

“మీ అవసరానికి అమ్మితే చెల్లదమ్మా. వాళ్ళు దావా వేస్తారు,” అన్నారాయన.

“నీళ్ళు అవసరం కాదా అయ్యా?”

“ఊళ్ళో బావి ఉందిగా అంటారు. అదే మీ ఆయన పుణ్యం కోసం పదిమందికీ ధర్మబావి తవ్విస్తున్నానంటే, ఎవరూ నోరెత్తలేరు.”

అత్త నా వైపు తిరిగింది. “ఏందిరా ఇది? బతికున్నదాని దాహం కోర్టుకు కనపడదు, చచ్చినాయన దాహం కనపడిద్దా?”

ఆ చట్టం చదివి పరీక్ష ప్యాసయినవాణ్ణి, అరెకరం అమ్మకం కాగితంలో ‘భర్త పుణ్యం కోసం’ అని నేనే రాశాను.

మా మామయ్య ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఆయన పేర బావి పడింది. తొలి బిందె నీళ్ళు ఆయనకే వదిలారు. బావగారి కొడుకులు కూడా వచ్చి బాబాయిని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకు మాత్రం వేరే దారేది?

ధర్మబావి అన్నాక సొంతదారులా మెలగవద్దని, వాళ్ళు సాక్షులను పోగేస్తారని ప్లీడరు గారు హెచ్చరించారు. అప్పటినుంచి అందరూ తోడుకుని పోయేదాకా అత్త పక్కన నిలబడేది. ఒక ఎండాకాలం వెళ్ళి చూద్దును కదా, మిట్టమధ్యాహ్నం అట్లాగే నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

“ఇది నీదే గదా అత్తా, ముందు నువ్వు తోడుకో.”

“అట్టా అనమాక. వింటే దావా ఏస్తారు.”

రాతిపనికి కొత్తగా ఊరికొచ్చిన ఒకామె బిందె నింపుకుని, చల్లగా మొహం కడుక్కుంది. “ఈ బాయి తవ్విచ్చినాయన ఎంత మంచోడో గదమ్మా,” అంది.

“చానా మంచోడు,” అంది అత్త, ఖాళీ బిందె చంకన పెట్టుకుని.