ముదిరితే తీస్తారని

కంటిజబ్బులకు పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ, ఈ ఒక్కదానికి మాత్రం మోసపుచ్చే పేరు పెట్టారు. నీటికాసులట. వినడానికి నగలాగా ఉంటుంది. చాలామందికి నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. చూపును అంచుల నుంచి తినుకుంటూ నడిమికి వస్తుంది.

కంభం చెరువు కింది పల్లెలో మిరపకోతకు పోయే యేసుమణికి, నాలుగేళ్ల కిందట కంటి శిబిరంలో ఆ పేరు చెప్పారు.

"కాసులా? మా ఇంట్లోనే లేవు గదమ్మా, కంట్లోకి యాడ్నించి వచ్చినాయి?" అంది.

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చుక్కలమందు ఇచ్చి, బతికినన్నాళ్లూ రోజూ వేసుకోవాలని చెప్పింది.

నెలకు సీసా అయిపోయింది. ఇంకోటి తెద్దామంటే మొగుడు పేతురు అడ్డం పడ్డాడు. ఆయనకు అంతకుముందే శుక్లం ఆపరేషన్ అయింది.

"నాకు పొర వచ్చినప్పుడు ఏం జెప్పినారు? ముదిరినాక రా అన్నారు. పోయినా. ఒక్క పూటలో తీసినారు. నీది ఇంకా పచ్చిగుంది. చుక్కలేస్తే ముదరదు మే!"

ఆ చివరి మాట అక్షరాలా నిజం. ముదరకూడదనే ఆ చుక్కలు. కానీ కాయ ఎర్రబడేదాకా చెట్టు మీద చెయ్యి వెయ్యని మనుషులకు, ఆగడమే తెలివి. ఆగారు.

రెండేళ్లకు చేలో తోటి కూలి మాలకొండమ్మ ఎగతాళి చేసింది: "ఏం వదినా, పక్క చెట్టంతా పరిగె ఏరుకునేటోళ్లకు వదిలినావా?"

"నీ చెట్టు నువ్వు చూస్కోవే, పెద్ద చెప్పొచ్చినావు!" అంది యేసుమణి. ఇంటికొచ్చి మాత్రం సంబరంగా, "పక్కనున్న చెట్టు కనపళ్లేదు. ముదురుతా ఉందయ్యో" అని చెప్పింది.

మొన్న ఎండాకాలం, పక్క నుంచి వచ్చిన మోటారుసైకిలు కనపడక కింద పడింది. ఇంక పండిందనుకుని ఇద్దరూ ఒంగోలు బస్సెక్కారు.

"ముదిరింది సార్, తీయండి" అంది అక్కడి డాక్టరుతో.

ఆయన చాలాసేపు పరీక్షించాడు. "తీయడానికి ఇది పొర కాదమ్మా. కంటినరం ఎండిపోయింది. పోయిన చూపు ఎవరూ తెచ్చివ్వలేరు. ఎడమకంట్లో నడిమి చూపు కొంచెం మిగిలింది. చుక్కలు మానకుండా వేస్తే దాన్నయినా నిలుపుకోవడానికి చూద్దాం."

"మాన్పించింది నేను సార్" అన్నాడు పేతురు. డాక్టరు మందుచీటీ రాసి ఆయన చేతికే ఇచ్చాడు.

తిరుగు బస్సు మార్కాపురం దాటింది.

"ఏమయ్యా, యాడున్నావు?"

"నీ పక్కనే గదా."

"పక్కనుంటే లేనట్టే. ఎదురుగా వచ్చి నిలబడు."

ఆయన లేచి, ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు.

"నన్ను తిట్టు మే. ఒక్క మాటన్నా తిట్టు."

"తిడితే తల దించుకుంటావు. నీ మొగం నాకు కనపడదు."