అమ్మ ఆగిన చోట గీత

నా చిన్నప్పుడు పెన్సిళ్ళు ఇంత అన్యాయంగా ఉండేవి కావు. ఇప్పుడు మా పిల్లలకు కొనిచ్చే పెన్సిలు చెక్కుతూ ఉంటే కర్రంతా పొట్టుగా రాలిపోతుంది గాని, రాసే మొన మాత్రం బయటికి రాదు. కంపెనీకి ఉత్తరం రాద్దామంటే దేనితో రాయాలన్నది సమస్య. నా తొమ్మిదో ఏట ఒకే ఒక్క పెన్సిలు ముక్కతో ఒక ఇంటికి కావలసిన లైట్లన్నీ రాశాను. కరోనా రెండోసారి వచ్చిన వేసవి అది.

మేము సూరత్‌లో మగ్గాల వాళ్ళం. లింబాయత్‌లో ముందు ఒక గది, వెనక ఒక గది ఉన్న ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర సొంత ఇల్లు లేచింది, వైర్లు కూడా వేశారు. లైట్లే మిగిలాయి. దుకాణం వాడు రంగుల బొమ్మల పుస్తకం ఇచ్చి ఎంచుకోమన్నాడు. ఎంచుకునేలోపు దుకాణాలు మూతబడ్డాయి. కిమ్ అనే పక్క ఊళ్ళో కార్ఖానాకు వెళ్ళిన మా నాన్నను మిగతా పనివాళ్ళతోపాటు లోపలే ఉంచేశారు. మా అమ్మకు జ్వరం వచ్చి వెనక గదిలో తలుపు వేసుకుంది. తలుపుకు ఇవతల నేనూ మా తాతయ్యా మిగిలాం.

ఎదురింటి మామ అంతకు ముందు వారమే అంబులెన్సు ఎక్కాడు. తనంతట తానే నడిచి ఎక్కి, మాకు చెయ్యి కూడా ఊపాడు. తిరిగి రాలేదు. అప్పటినుంచి వీధిలో సైరన్ వినిపిస్తే నేను మంచం కింద దూరేదాన్ని. అక్కడ ఏం రక్షణ ఉందో ఇప్పటికీ తెలియదు గాని, ఆ రోజుల్లో పెద్దవాళ్ళ ఉపాయాలు కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉండేవి.

మా తాతయ్యకు చెవుడు. నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడినందుకు ఆయనకు దక్కిన పింఛను అదే. అమ్మకు జ్వరం వచ్చిన మర్నాడు ఆయన ఆ బొమ్మల పుస్తకాన్నీ నా స్కూలు నోటుబుక్కునీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"రోజుకొక్క జాగ. ఆడ ఏ లైటు గావాల్నో అమ్మనడుగు. ఎందుకు గావాల్నో గూడ అడుగు. ఎట్ల చెప్తే అట్లనే రాయి బిడ్డా. ఏడ ఆగితే ఆడ గీత గియ్యి."

"గీత ఎందుకు తాతా?" అని అరిచాను.

"బట్టల పోగు తెగిన కాడ సుద్దతోని గీత గీస్తం సూడు, గట్లనే. రేపు దుకాణపోడు లడాయి పెట్టకుంట."

మగ్గం దిగిన బట్టను బల్ల మీద పరిచి, తప్పు పడిన చోటల్లా సుద్దతో గీత పెట్టడం నేను చూసిందే. మాటకూ అలాగే చేస్తారు కాబోలు అనుకున్నాను.

మొదటి రోజు వంటిల్లు. మా అమ్మ తలుపు వెనకనుంచి గడగడా చెప్పింది. "ట్యూబులైటే పెట్టమను, పొయ్యి పక్క గోడకు. నెత్తి మీద పెడితే నా నీడ నా గిన్నెలనే పడ్తది, కూరల ఏమున్నదో నాకే కనవడది." ఒక్క గీత కూడా లేదు. ముందు గదికి గాజు పూసలు వేలాడే ఝూమర్ పెడదామని నేను సొంతంగా ఒక సలహా ఇచ్చాను. "దులిపేదెవరు, నువ్వా మీ తాతనా?" అంది. దానికీ గీత లేదు.

రెండో రోజు మంచం దగ్గరికి పసుపుపచ్చ గోడలైటు అడిగింది, తెల్లది కళ్ళల్లో గుచ్చుతుందట. ఒక గీత. మూడో రోజు బయటి తలుపు. తాళంచెవి దూర్చే తొర్ర కనబడేంత చిన్న లైటు చాలంది, అంతే. ఆ చిన్న మాటలో నాలుగు గీతలు. తాతయ్య వాటిని వేలితో ఒక్కొక్కటే తడిమి, అన్నం పళ్ళెం పక్కకు నెట్టేశాడు. ఇల్లంతా కార్ఖానాలోలాగా ట్యూబులైట్లే ఉండాలన్నది ఆయన అభిప్రాయం గనక, చిన్న లైటు నచ్చలేదనుకున్నాను. ఆయన తినలేదని నేనూ తినలేదు.

నాలుగో రోజు స్నానాల గది. "అద్దం మీదనే పెట్టమను, పక్కకు పెడితే సగం మొఖమే కనవడి మీ నాన్న సగం గడ్డమే గీసుకుంటడు." గీతల్లేవు. తాతయ్య పేజీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ ఫికర్ లేదు" అని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

అయిదో రోజు మెట్లు. మూడుసార్లు అడిగాక మా అమ్మ "ఏదో" అంది. చాలాసేపటికి "ఒకటి" అంది.

"ఎందుకో చెప్పే అమ్మా, తాత ఊకోడు."

 లోపల రంపంతో కోస్తున్నట్టు చప్పుడు మాత్రం వస్తోంది. ఆగినంతసేపూ గీతలు గీయాలి కదా అని నేను గీస్తూనే ఉన్నాను. పేజీలో సగం నిండింది.

తాతయ్య ఒక్కసారి చూశాడు. ఎవరూ ముట్టకూడదని తానే హుకుం వేసిన తలుపును భుజంతో తోసి లోపలికి పోయాడు. మా అమ్మ పెదవులు వంకాయ రంగులో ఉన్నాయి. బట్టల తానును ఎత్తినట్టు ఆమెను భుజాన వేసుకుని, గల్లీ చివర ఉన్న టెంపో ఎక్కించాడు. నేనేదో తప్పు రాశాననీ, అందుకే అమ్మను తీసుకుపోతున్నారనీ నాకు అర్థమైంది. "చెరిపేస్త తాతా, మంచిగ రాస్త" అని అరుస్తూ నోటుబుక్కు పట్టుకుని టెంపో వెనక పరిగెత్తాను. ఆయనకు వినపడదు కదా.

పక్కింటి అక్క నన్ను పట్టి తెచ్చి వాళ్ళ గడప మీద కూర్చోబెట్టింది. నోటుబుక్కు తిరగేసి, "మీ తాతకు అక్షరం ముక్క రాదు గదనే, గిండ్ల రోజు ఏం సూస్తుండె?" అంది. ఆయనకు చదువు రాదని నాకూ తెలుసు. అయిదు రోజుల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

పన్నెండు రోజులకు మా అమ్మ ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చింది, ఆటో దిగి తన కాళ్ళ మీద నడిచి. కొత్తింట్లో లైట్లన్నీ నోటుబుక్కులో ఉన్నట్టే పెట్టారు. మెట్ల దగ్గర మటుకు చాలా ఏళ్ళు ఉత్త హోల్డరే ఉండిపోయింది.

ఆ రోజునుంచి నాకొక అలవాటు మిగిలింది. ఎవరైనా ఫోనులో "బాగానే ఉన్నా" అంటే వదలను. జవాబు పొడుగ్గా చెప్పక తప్పని ప్రశ్న ఏదో ఒకటి అడిగి, వాళ్ళు ఆగిన చోటల్లా చేతికందిన కాగితం మీద గీత గీస్తాను. నాది వాగుడు జబ్బని చుట్టాలు అనుకుంటారు. నేను కాదనను.

తాతయ్య పోయిన చాలా కాలానికి, మెట్లకు నేనే ఒక లైటు కొనుక్కెళ్ళాను. మా అమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడితే, పైనుంచి ఆయన ఉపాయం సంగతి పెద్ద రహస్యంలా చెప్పాను. ఆమె నిచ్చెన వదలకుండానే అంది:

"నాకెరుక లేదనుకున్నవా? మూడోనాడు తలుపు సందులకెల్లి సూసిన, మీరిద్దరు బువ్వ తినలే. అందుకే నాలుగోనాడు పొద్దుగాల గంటసేపు పండుకొని, ఊపిరి కూడవెట్టుకొని చెప్పిన గా అద్దం ముచ్చట. అయిదోనాడు కూడవెట్టుకుందామంటే ఏం మిగల్లే."