రాకెట్ పెట్టె కింద స్పాంజి

1968 వేసవి. తార్నాకలోని అద్దె ఇంట్లో ఎనిమిది నెలల పాపను అత్తగారికి అప్పగించి, క్యాంపస్ ప్రయోగశాలకు నడిచి వెళ్ళేదాన్ని. ఎమ్మెస్సీ అయ్యాక అక్కడ రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను.

ఆకాశం పైపొరల్ని కొలిచే పరికరమొకటి తయారుచేసి రాకెట్‌లో పంపాలి. రాకెట్ లేచేటప్పటి అదురును అది తట్టుకుంటుందో లేదో చూడడానికి వైబ్రేషన్ టేబుల్ ఉండేది. పరికరాన్ని దానిమీద బిగిస్తే, మెల్లగా మొదలై అంతకంతకూ వేగంగా అదిరే బల్ల అది.

మొదటి పరీక్షలో కెపాసిటర్ తీగ తెగింది. కెపాసిటర్ అంటే విద్యుత్తును కాసేపు దాచుకునే బొటనవేలంత డబ్బా. ప్రొఫెసరు గారు కోప్పడలేదు. మళ్ళీ తెగితే రాకెట్‌లో మన చోటు వేరేవాళ్ళకు పోతుందని మాత్రం చెప్పారు. అది మా రెండేళ్ళ పని.

పాప ఉయ్యాలలో బొంత మీద బొంత వేసే అలవాటు నాది. తీగ మార్చి, పరికరం ఉన్న పెట్టె కింద రెండంగుళాల స్పాంజి పరిచాను. అంబర్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చే మా మెకానిక్ యాదగిరి, పెద్దాయన, అది చూసి నవ్వాడు.

"గిది రాకెట్ అమ్మా, ఉయ్యాల గాదు. మెత్తగ వేస్తే ఇంకింత ఎగుర్తది."

నేను నమ్మలేదు. అయితే ముందు నకలు పెట్టెతో చూద్దామన్నాడు. దాని లోపలా కెపాసిటర్ లాంటి భాగాలు బిగించిన అలాంటి బోర్డే ఉంది. బల్ల ఇంకా నెమ్మదిగా అదురుతుండగానే పెట్టె స్పాంజి మీద గంతులేసింది. ప్రతి వస్తువుకూ తనదైన ఊపు ఉంటుంది. బయటి అదురు దానితో కలిస్తే చిన్న కదలికే ఎన్నో రెట్లవుతుంది. రెజొనెన్స్ అంటారు. పరీక్షల్లో నేను మంచి మార్కులు తెచ్చుకున్న పాఠమే. భయంలో గుర్తురాలేదు.

స్పాంజి తీసేసి, పెట్టెను నేరుగా బల్లకు బిగించి, మూత విప్పాం. కిటికీలు మూసి స్ట్రోబోస్కోప్ వేశాం. వేగంగా మిణుకుమంటూ, అదిరే వస్తువును మెల్లగా కదులుతున్నట్టు చూపే దీపం అది. ఒక వేగం దగ్గర బోర్డంతా నిలకడగానే ఉంది. కెపాసిటర్ ఒక్కటే తన రెండు తీగల మీద తల ఊపుతోంది.

"దొంగ దొరికిండు," అన్నాడు యాదగిరి. "పెట్టెకేం గాలే అమ్మా. గీనికి నడుం కట్టాలె."

అసలు పరికరంలో కెపాసిటర్‌ను మైనపు దారంతో బోర్డుకు కట్టి, చుట్టూ ఎపాక్సీ జిగురు పోసి ఆరనిచ్చాం. మర్నాడు పరీక్ష జరిగినంతసేపూ పరికరానికి కలిపిన మీటరు ముల్లునే చూస్తూ నిలబడ్డాను. అది చెదరలేదు. పరికరం పరీక్ష నెగ్గిందని ప్రొఫెసరు గారు కాగితం మీద సంతకం చేశారు. రాకెట్‌లో మా చోటు మాకే నిలిచింది.

రాకెట్ అదురును ఆపడం మన వల్ల కాదు. లోపల ఏది వదులుగా ఉందో వెతకడం మన వల్ల అవుతుంది. ఇప్పుడు ఏ పెట్టెకైనా మూత వేసేముందు ప్రతి భాగాన్నీ వేలితో కదిపి చూస్తాను. కదిలితే కంగారుపడను. దారం అందుకుంటాను.