తమ్ముడి బండి

ఖుర్సీపార్ గేటు దాటి పెద్దరోడ్డు మీద కొద్దిగా ముందుకొస్తే, టైర్ల కొట్టుకీ టిఫిన్ హోటలుకీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. అయినా భిలాయిలో పాత కార్లు ఉంచుకున్న వాళ్లందరికీ అది సత్యారావు గ్యారేజీ అని తెలుసు. సత్యారావు తండ్రి చీపురుపల్లి దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్ల దగ్గర ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. కొడుకులిద్దరూ సెక్టర్ 2 క్వార్టర్లోనే పుట్టారు. పెద్దవాడు సత్యారావుకి ప్లాంటు ఉద్యోగం దొరకలేదు. ఐటీఐ చదివి పానా పట్టుకున్నాడు. చిన్నవాడు సునీల్, అన్నకన్నా పదకొండేళ్లు చిన్న. ఈకో వ్యాన్ కొనుక్కుని పవర్‌హౌస్ టాక్సీ స్టాండులో పెట్టుకుని నడిపేవాడు.

మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున, రాయపూర్ స్టేషన్లో సవారీని దింపి తిరిగొస్తూ, కుమ్హారి ఇవతల కల్వర్టు గోడకి గుద్దుకుని సునీల్ పోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన గీతలు లేవు. బండి ముందుభాగం నుజ్జయింది కాబట్టి బ్రేకులు పరీక్షించే వీల్లేదని రాసుకుని, డ్రైవరు కునుకు తీశాడని తేల్చి పోలీసులు కేసు మూసేశారు. స్టాండులో వాళ్లూ అదే నమ్మారు. ఎవరైనా వరసగా రెండు రాత్రులు బేరాలకు వెళ్తానంటే, సునీల్‌ని చూసైనా బుద్ధి తెచ్చుకోమనేవారు. సత్యారావు కూడా అదే నమ్మాడు. నిద్ర మానుకుని తిరగొద్దని ముందురోజు కూడా తిట్టాడు మరి. ఏడవడానికి కూర్చున్నప్పుడల్లా ఆ ఏడుపులో ఎక్కడో ఓ మూల, చెప్పిన మాట వినలేదన్న కోపం కూడా ఉండేది.

తమ్ముడి భార్య రోహిణి రిసాలిలో, పుట్టింటి వాళ్లిచ్చిన రెండు గదుల్లోనే, సునీల్ ఉన్నప్పటిలాగే, కూతురితో ఉంటోంది. ఓ నర్సింగ్ హోంలో కౌంటరు దగ్గర ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఆ పిల్లని, తొమ్మిదేళ్ల మణిమాలని, స్కూటరు మీద స్కూలుకి దింపేది సత్యారావే.

కిందటేడు వానలు మొదలయ్యే ముందు, నరసింగరావు గారు తన పాత ఫియట్ కారుని లాగించుకుని గ్యారేజీకి వచ్చారు. ఆయన బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. ఇంజన్ బ్లాకు నిలువునా పగిలిపోయింది. అలాంటి బ్లాకు ఇప్పుడెక్కడా దొరకదు, అతుకులు వేసినా నిలవదు, కారు అమ్మేసుకోండి అని సత్యారావు చెప్పాడు.

ఆయన కారు తలుపు మీద చెయ్యి వేశారు. "పెళ్లయిన కొత్తలో అప్పయమ్మని ఇందులోనే మైత్రీబాగ్ పార్కుకి తిప్పేను సత్యం. ఇప్పుడు దానికి మోకాళ్లు పని చెయ్యవు. ఓసారి ఇందులోనే ఇసాపట్నం తీసుకెళ్లి సముద్రం చూపించాలని ఉంది. వేరే ఇంజనేదైనా పెట్టు. ఏటైనా ఫరవాలేదు," అన్నారు.

వేరే ఇంజన్ అంటే ఏదో ఒకటి పట్టుకొచ్చి పెట్టేది కాదు. ఫియట్‌లో ఇంజన్ వెనక చక్రాల్ని తిప్పుతుంది. ఇప్పటి చిన్న కార్లన్నిట్లో ముందు చక్రాల్ని తిప్పుతుంది, వాటి ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ఇంజన్ నిలువుగా ఉండి, దాని వెనక గేరుబాక్సూ, అక్కడినుంచి వెనక చక్రాల దాకా పొడవాటి షాఫ్టూ ఉన్న బండి కావాలి. అంటే ఈకో వ్యాన్. ఎక్కడైనా దెబ్బతిని మూలపడ్డ ఈకో దొరికితే, ఇంజన్ నుంచి షాఫ్టు దాకా మొత్తం ఎత్తి ఫియట్‌లో పెట్టొచ్చు. ఆర్టీవో ఆఫీసులో అనుమతి పని నరసింగరావు గారు చూసుకుంటానన్నారు. బండి వెతకడం సత్యారావు వంతు అయింది.

రెండు నెలలు తిరిగాడు. రాయపూర్ పాతసామాన్ల కబాడీ బజారులో ఒకటి దొరికింది గానీ, ఇంజన్ మీద నంబరు గీకేసి ఉంది. దొంగబండి అని తెలిసిపోతోంది. రాజ్‌నంద్‌గావ్‌లో ఒకటి వరదలో మునిగినది. ఆయిల్ చూసే పుల్ల పైకి తీస్తే పాలలా తెల్లటి నురగ వచ్చింది. నాగపూర్ వేలానికి బస్సెక్కి పోతే, ఫొటోలో బాగున్న బండి కిందంతా పగిలి ఉంది. ప్రతి యార్డులోనూ నలిగిన బండ్ల మధ్య నడుస్తుంటే సీట్ల మధ్య ఇరుక్కున్న చెప్పులూ, పాలసీసాలూ, వినాయకుడి బొమ్మలూ కనపడేవి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఏమయిందని భార్య లక్ష్మీకుమారి అడిగితే ఎండ అనేవాడు.

ఒకరోజు పొద్దున్న మణిమాల కోసం రిసాలి వెళ్తే, ఇంటి వెనక గోడ పక్కన తమ్ముడి బండి మీద కప్పిన నీలం పట్టా గాలివానకి చిరిగి వేలాడుతోంది. పోలీసుల దగ్గర్నుంచి విడిపించి తెచ్చిన రోజున ఆ పట్టా కప్పింది సత్యారావే. ఆ తరవాత దాన్ని ఎత్తి చూడలేదు. ఈకోలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ముందుభాగం నలిగినా దానికి దెబ్బ తగిలి ఉండదు. ఆ సంగతి తెలిసి కూడా, రెండు నెలలుగా ఊళ్లు పట్టుకు తిరిగాడే గానీ ఈ గోడ పక్కకి రాలేదు.

ఆ సాయంత్రం రోహిణిని అడిగాడు. ఆమె చేతిలో పని ఆపేసింది.

"దాని ఊసొద్దు బావగారూ. కబాడీవాలాకి మాట ఇచ్చేసేను. కాగితాలు నా పేరు మీదకి వచ్చేయి. సోమవారం వచ్చి పట్టుకెళ్లిపోతాడు."

సత్యారావుకి మనసు చివుక్కుమంది. "తూకానికి ఇచ్చేస్తావేటమ్మా? మనోడి బండి. ఎవడిదో ఇంజన్ పెట్టేకన్నా వాడిదైతే మన కళ్లముందు తిరుగుతాది గదా."

ఆమె వద్దంటే వద్దంది. ఆ మనిషి నెమ్మదస్తురాలు, బావగారికి ఎదురు చెప్పి ఎరగదు. అంత మొండితనం దేనికో సత్యారావుకి అర్థం కాలేదు. తమ్ముడి గుర్తుగా ఉంచుకుంటానంటే సరే, ముక్కలు చేసేవాడికి ఇస్తుందట గానీ తనకి ఇవ్వదట. తన మీద ఏదో కోపం పెట్టుకుందేమో అనుకున్నాడు. నాలుగు రోజులు అడుగుతూనే ఉన్నాడు. చివరికి శనివారం ఆమె తల దించుకుని ఒప్పుకుంది. ఇంజనూ గేరుబాక్సూ షాఫ్టూ తీసుకోమంది. మిగిలినది ఉన్నది ఉన్నట్టు కబాడీవాలాకి ఒదిలెయ్యమంది. "చక్రాల జోలికి మాత్రం ఎళ్లకండి," అంది. పాత చక్రాలు తనకెందుకని సత్యారావు ఆ మాట పట్టించుకోలేదు.

ఆదివారం చైన్‌పుల్లీ, జాకీలూ తీసుకుని వెళ్లాడు. రోహిణి డ్యూటీలో ఉంది, పిల్ల అమ్మమ్మ దగ్గరుంది. నీలం పట్టా లాగేసి, కాసేపు బండికి వీపు చేసి నిలబడి, తరవాత పనిలోకి దిగాడు. ఈకో ఇంజన్‌ని కిందనుంచి దించాలి. ఎడమవైపు చక్రం అడ్డం వస్తోంది. అది విప్పితే గానీ పని జరిగేలా లేదు. విప్పాడు.

చక్రం లోపలి అంచున రంగు పెచ్చులుగా లేచిపోయి ఉంది. బ్రేకు ఆయిల్ పడితేనే రంగు అలా లేస్తుంది. దాని మీద బ్రేకు మసి అట్టకట్టి ఎండిపోయింది. గుద్దుకున్నప్పుడు కారినది అలా అట్టకట్టదు. అంతకు ముందే, చక్రం తిరుగుతుండగా రోజుల తరబడి కారి ఉండాలి. సత్యారావు వేళ్లు వాటంతటవే బ్రేకు ఆయిల్ గొట్టం బిగించే బోల్టు మీదకి పోయాయి. ఆ గొట్టం కొత్తది. ప్రమాదానికి మూడు రోజుల ముందు తను వేసినదే. బోల్టు విప్పాడు. ఆయిల్ కారకుండా గొట్టానికి అటొకటి ఇటొకటి రాగి వాషర్లుండాలి. ఒకటే ఉంది. రెండోవైపు ఇనుము మీద ఇనుము ఒరుసుకున్న గుండ్రటి గీత మెరుస్తోంది. కింద పడిపోయిందేమోనని నేలంతా చేత్తో తడిమాడు. అక్కడ ఎప్పుడూ లేని వాషర్ ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజు గుర్తొచ్చింది. సునీల్ సవారీ ఉందని తొందరపెడుతున్నాడు. ఒక వాషర్ వేసి, రెండోది తీయబోతుంటే ఎవరో పిలిచారు. వెళ్లి మాట్లాడి వచ్చి, వేసేశాననుకుని బిగించాడు. అంతే.

మధ్యాహ్నం మూడింటికి రోహిణి వచ్చేసరికి సత్యారావు నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇంజన్ దిగలేదు. ఆమె ఇంజన్ వైపు చూడలేదు. మొదట విప్పిన చక్రాన్ని చూసింది, తరవాత సత్యారావు మొహం చూసింది. సంచీ గుమ్మంలో పెట్టి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాడు.

"ఆరోజు రాయపూర్ నుంచి ఫోన్ చేసేరు. బ్రేకు మెత్తగా లోపలికి దిగిపోతంది, మెల్లిగా వచ్చేస్తాను, రాగానే అన్నకి చూపిస్తాను అన్నారు. అరగంట పోయేక పోలీసోళ్ల ఫోను." అవి చాలాసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా వచ్చాయి. "నిద్దరోయేడు అని అందరూ అంటే ఊరుకున్నాను. పోయిన మనిషి మీద మాట పడితే ఏటవుతాది? మీకు తెలిస్తే మీరు బతకరు. నాకూ పిల్లకీ మీరు తప్ప ఎవరున్నారు? అంతే, అందుకే."

సత్యారావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులకున్న మసి మొహమంతా అంటుకుంది. రెండేళ్లపాటు ఈ మనిషి తనకి రోజూ పొద్దున్న టీ ఇచ్చింది. పిల్ల సంచీ అందించింది. తమ్ముడిని తను తప్పుపట్టినప్పుడల్లా మాట్లాడకుండా విన్నది. ఏడుస్తూనే, స్టాండుకి వెళ్లి నిజం చెప్పేస్తానన్నాడు. ఆమె భయపడింది. గ్యారేజీ మూతపడుతుందంది, చెప్పినంత మాత్రాన పోయినాయన తిరిగి రారంది. కాళ్లు పట్టుకుంటానని వంగింది. సత్యారావు ఆమెని లేవనెత్తి, "వాడు నిద్రోలేదమ్మా. నిద్రోయేడని నేనే అందరికన్నా ఎక్కువ అన్నాను," అన్నాడు.

సోమవారం పొద్దున్న పవర్‌హౌస్ స్టాండులో డ్రైవర్లందరూ ఉన్న వేళ వెళ్లి నిలబడి చెప్పాడు. పెద్దగా ఏమీ లేదు, నాలుగు మాటలు, హిందీలో. బ్రేకు పని తను చేశానని, ఒక వాషర్ మరిచిపోయానని, సునీల్ మెలకువగానే ఉన్నాడని. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అందరికన్నా పెద్దవాడు సాహూ తువ్వాలుతో మొహం తుడుచుకుని, పాపం మనవాడిని ఎన్ని మాటలన్నామో అని పక్కకి తిరిగిపోయాడు. స్టాండు నుంచి అంతకు ముందు పదిహేను బండ్లు పనికి వచ్చేవి. ఆ నెల నుంచి మూడే వస్తున్నాయి. సత్యారావు వాళ్లని తప్పు పట్టలేదు.

మణిమాలకి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. స్కూలు గేటు దగ్గర స్కూటరు ఆపి, వంగి, తన పొరపాటు సంగతంతా చెప్పాడు. ఆ పిల్ల, "పాపా సోయే నహీ థే?" అని అడిగింది. లేదమ్మా, నాన్న నిద్రపోలేదు, ఆఖరి దాకా బండిని ఆపాలనే చూశాడు అన్నాడు. ఆ పిల్ల గేటులోంచి లోపలికి వెళ్లిపోయింది. పది రోజులు అమ్మమ్మతోనే స్కూలుకి వెళ్లింది. పదకొండో రోజున మళ్లీ వచ్చి వెనక ఎక్కింది గానీ, ఇదివరకటిలా నడుం చుట్టూ చేతులు వెయ్యలేదు, సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

కబాడీవాలాని రెండు రోజులు ఆగమని, ఇంజనూ గేరుబాక్సూ షాఫ్టూ దించి తెచ్చాడు. ఇంజన్ ఎక్కడిదో, దాన్ని దించబోతే ఏం బయటపడిందో నరసింగరావు గారికీ దాచకుండా చెప్పి, కారు వేరే చోటికి తీసుకెళ్లమన్నాడు. ఆయన తీసుకెళ్లలేదు. రోజూ భోజనం చేసి వచ్చి, షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చునేవారు. పట్టీలు కోసి, కొత్త మౌంటింగులు వెల్డింగ్ చేసి, షాఫ్టు పొడవు సరిచేయించి, చలికాలం వెళ్లేసరికి ఇంజన్ ఫియట్‌లో కూర్చుంది. బ్రేకులు మాత్రం సుపేలాలో ఇంకో మేస్త్రీ చేత చేయించాడు. ఆ పని ఇక తను ముట్టుకోడు.

మొదటిసారి తాళం తిప్పిన రోజున రోహిణి కూడా వచ్చింది, రమ్మని ఎవరూ పిలవకపోయినా. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. అది ఫియట్ చప్పుడు కాదు. సాయంత్రాలు రిసాలి సందు మలుపు తిరిగే సునీల్ వ్యాన్ చప్పుడు. రోహిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. సత్యారావు తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

నరసింగరావు గారు అప్పయమ్మ గారిని విశాఖపట్నం తీసుకెళ్లి, సముద్రం చూపించి, క్షేమంగా తీసుకొచ్చారు. సత్యారావు కోసం ఓ సంచీడు పనసపండు తొనలు తెచ్చారు. కారెలా ఉందని సత్యారావు అడిగాడు. బాగా నడిచిందని ఆయన చెప్పారు. ఓసారి నడిపి చూడమని తాళాలు చేతికిస్తే తీసుకోలేదు. ఇప్పటిదాకా ఆ కారు ఎక్కలేదు.